పానా పట్టు

సంచికకి ఏదైనా రాసిమ్మని సంపాదకులు అడిగితే నేను పానాల గురించి రాస్తున్నాను. డాక్టరుకి ఇనపసామాను గొడవెందుకని అడక్కండి. సత్వాలో మా వీధి చివరి హార్డ్‌వేర్ కొట్టు నాకు పుట్టింటిలాంటిది. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.

మొన్న వేసవిలో ఒకాయన కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె, పైపుల పని. బిగుసుకుపోయిన నట్టు మీద, సైజు మార్చుకునే పానా జారి, పిడికిలి గోడ అంచుకి కొట్టుకుంది. గాయం అంగుళం కూడా లేదు. కాని మధ్యవేలు ఎత్తమంటే లేవలేదు. వేలిని పైకి లాగే స్నాయువు (మనవాళ్ళు నరమనేస్తారు) తెగింది. చేతి సర్జను దగ్గరికి పంపాను. కుట్టాక వారాల తరబడి కట్టు. అన్నాళ్ళూ పని లేదు.

కట్టు విప్పాక ఆ పానా తెచ్చి చూపించాడు. దానిమీద పేరూ ఊరూ లేవు. కదిలే దవడ లొడలొడ ఊగుతోంది. "చవకగ దొరికిందని కొన్న సార్. సామాను మనదే కొనుక్కోవాలె గద!"

ఆదివారం ఇద్దరం కొట్టుకి వెళ్ళాం. సైజు మార్చుకునే పానాకి ఈనాటి రూపమిచ్చిన యోహాన్సన్ స్వీడన్‌వాడు, 1892లో పేటెంటు తీసుకున్నాడు; బాకో ఆయన పానాయే. మన నాసిక్ టపారియా కూడా స్వీడన్ సాంకేతిక సాయంతో మొదలైందే. ఈ ఉపన్యాసమంతా ఆయనకి చెప్పాను. 'క్రోమ్ వనేడియం' అన్న అచ్చు చూసి మోసపోవద్దనీ చెప్పాను. ఉక్కుని కాచి చల్లార్చే తీరులోనే ఉంది అంతా: మెత్తనైతే దవడ తెరుచుకుంటుంది, మరీ గట్టిదైతే పెళుసై విరుగుతుంది.

ఆయన వినలేదు. రెండింటినీ సగం తెరిచి, దవడ పట్టి ఊపి చూశాడు. బాకో మరచక్రం వెన్నలా తిరిగింది. టపారియాది అంత నునుపు కాదుగాని, దవడ ఊగలేదు. ధరలో మాత్రం చాలా తేడా.

"మీ కత్తెరలు గూడ ఇట్లనే ఊపి చూస్తరా సార్?"

చూస్తాం. రక్తనాళం పట్టే ఫోర్సెప్స్ జర్మనీ ట్యూట్‌లింగెన్‌దైనా, పాకిస్తాన్ సియాల్‌కోట్‌దైనా, ముందు కీలు ఊపే చూడాలి. కాకపోతే మా సామాను ఆసుపత్రి కొంటుంది.

బరువు కదలని దవడ మీద పడాలనీ, పానాని తనవైపే లాగాలనీ నేనన్నాను. "తెలుసు సార్. ఆ మూలకు లాగెతందుకు జాగ లేకుండె."

బాకో తీసుకోండి, తేడా నేనిస్తానన్నాను.

"వద్దు సార్. అప్పుడది మీ పానా అయితది. రేపు సైటుల పోతే మీకేం జెప్పాలె?"

టపారియా పదంగుళాలది తీసుకున్నాడు. నోట్లు లెక్కపెడుతుంటే చూశాను. మధ్యవేలు ఇంకా పూర్తిగా చాచలేకపోతున్నాడు.