కొండమెట్ల పేట, వివిక్తదేశం

శ్రీమద్భగవద్గీత త్రయోదశాధ్యాయంలో భగవానుడు అమానిత్వం మొదలుకొని జ్ఞానసాధనాలను పరిగణిస్తూ, చివరికి వచ్చేసరికి రెండు లక్షణాలను పక్కపక్కనే పేర్కొన్నాడు. ఏకాంతప్రదేశాన్ని ఆశ్రయించడం ఒకటి, జనసమూహంలో రతి లేకపోవడం మరొకటి. సాధకులకు ఈ రెండూ మిక్కిలి ప్రీతికరమైనవి. 2022లో మేము విజయవాడ పాతబస్తీలోని కొండవాలు ఇంటిని విడిచి, పోరంకి వైపు ఒక అపార్ట్‌మెంటుకు మారినప్పుడు సత్సంగమిత్రురాలొకరు నన్ను మనఃపూర్వకంగా అభినందించారు. "ఎన్నాళ్లకు మీకు వివిక్తదేశం లభించింది! ఇక ధ్యానానికి అంతరాయమే ఉండదు" అన్నారు. ఆ మాటను అప్పటినుండి విచారిస్తూనే ఉన్నాను.

మా పాత ఇల్లు చిట్టినగర్ దాపున, సొరంగమార్గానికి కొంత ఇవతల ఉండేది. క్రింది వీధి నుండి 112 మెట్లు. ఎవరి ఇంటి ముందరి మెట్లు వారే కట్టుకొన్నవి గనుక వాటిలో ఏ రెండూ ఒకే ఎత్తున ఉండవు. గ్యాస్ సిలిండరు మోసుకువచ్చే కుర్రవాడు ఎత్తును బట్టి అదనంగా పుచ్చుకొనేవాడు. కుళాయినీరు కొండ ఎక్కేది ఉదయం ఒక్క గంట, అదీ ఒత్తిడి ఉన్ననాడు. ఆ గంటలో అక్కడ వినవచ్చే భాషను ఇక్కడ వ్రాయలేను. బిందెల వరుస తప్పితే ఎదుటివారి తల్లిదండ్రులనే కాదు, వారి పితృదేవతలను సైతం స్మరించేవారు. రాత్రివేళ త్రాగివచ్చినవారి రగడలు సరేసరి. వర్షాకాలం వచ్చిందంటే పైనుండి ఏ రాయి దొర్లుతుందో అన్న భయంతో సగం నిద్రే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్లమీద పడి ప్రాణాలు పోయినప్పుడు, అప్పటికి మేము క్రిందికి వచ్చి రెండేళ్లు గడచినా, ఆ వార్త నాకు మా వరుసలోని వార్త వలెనే వినిపించింది. కనుక ఆ పేటను స్వర్గమని వర్ణించను. మా అబ్బాయి పట్టుబట్టి మమ్మల్ని అక్కడినుండి తీసుకొనిరావడం న్యాయమే.

అయినా ఆ పేటను గూర్చి చెప్పవలసినది వేరే ఉన్నది.

మా మామగారికి ఒక శ్రావణమాసపు రాత్రి ఊపిరి అందలేదు. అంబులెన్సు క్రింది వీధి వరకే రాగలదు. అంతకు రెండు రోజుల ముందే మా వాడకనీరు తన గుమ్మంలోకి వచ్చిందని పొరుగింటి హమాలీ మామగారితో పెద్ద తగవు పెట్టుకొన్నాడు. ఆ రెండు రోజులూ ఇరువురికీ మాటలు లేవు. ఆ రాత్రి మా ఇంట దీపం వెలగడం చూసి, ఎవరూ పిలవకుండానే మొదట వచ్చినవాడు అతడే. మామగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తుండుగుడ్డ బిగించి, నలుగురు నాలుగు కాళ్లు పట్టారు. ముందు ఒక పిల్లవాడు టార్చిలైటు పట్టుకొని "మెట్టు... పల్లం... మలుపు" అని చెబుతూ నడిచాడు. అప్పుడు వాన కురుస్తున్నది. ఆ 112 మెట్లూ దిగేవరకు కుర్చీ ఒక్కసారి కూడా ఒరగలేదు.

మూడవనాడు ఆయన దేహమే తిరిగివచ్చింది. శవం లేచేవరకు ఆ వరుసలో ఏ ఇంటా పొయ్యి వెలిగించలేదు. మెట్లకు ఇరువైపులా ఉన్న బిందెలు, తొట్లు, తులసికోటలు సైతం ఎవరివి వారు లోపలికి జరుపుకొన్నారు. లేకపోతే పాడె మలుపు తిరగదు. చివరి ఇంటి ముస్లిం అత్తయ్యగారు మా ఆచారం ఎరిగి, వండిన పదార్థం కాకుండా పాలు, అరటిపండ్లు పంపించారు. వాటిని తెచ్చిన పిల్ల గుమ్మం దగ్గరే నిలిచి, "లోపలికి రావద్దని నానమ్మ చెప్పింది టీచరమ్మగారూ" అన్నది. శాస్త్రం తెలిసిన బంధువులు ఆ పూట కాఫీ విషయమై నసిగారన్నది అప్రస్తుతమే అయినా, జ్ఞాపకం వచ్చింది గనుక వ్రాశాను.

గీతలోని ఆ పదానికి భాష్యం చెబుతూ శంకరభగవత్పాదులు ఒక సూక్ష్మం చూపారు. విడువవలసిన జనసమూహమంటే సంస్కారశూన్యులు, అవినీతులు అయిన ప్రాకృతజనుల సమూహమే. సంస్కారవంతుల, వినీతుల సాంగత్యం జ్ఞానానికి ఉపకరిస్తుంది గనుక అది విడువదగినది కాదు. భాష్యకారుల మాట శిరోధార్యం. నా సంశయమంతా ఆ హమాలీని ఈ రెండు కోవలలో ఎందులో చేర్చాలన్నదే. నాలుకను బట్టి చూస్తే అతడు నిస్సంశయంగా ప్రాకృతుడు. విరోధాన్ని గుమ్మం దగ్గరే విడిచి, వానలో ఒక వృద్ధుని భారం భుజాన వేసుకొన్నవానికి సంస్కారం లేదనడానికి మాత్రం నాకు నోరు రాదు. వినీతుడంటే శిక్షణ పొందినవాడని అర్థం. అతనికి ఆ శిక్షణ ఇచ్చినది ఏ గురుకులమూ కాదు, ఆ మెట్లే. ఎవరికి వారు బ్రతకడానికి ఆ కొండమీద వీలు లేదు. నేడు వేరొకరి కుర్చీ మోయనివానికి రేపు తన కుర్చీ మోసేవారుండరు. అది స్వార్థమే కదా అని ఎవరైనా అనవచ్చు. మొదట స్వార్థంగా ఆరంభమైనది అభ్యాసం వలన స్వభావంగా పరిణమించడం సాధకులకు క్రొత్త విషయం కాదు. జపం కూడా చాలామందికి అట్లాగే అబ్బుతుంది.

2016 ఆగస్టులో కృష్ణాపుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ మా వరుసలో ప్రతి ఇల్లూ సత్రమే అయింది. మా బంధువులు పొరుగింటి వరండాలో, పొరుగువారి బంధువులు మా వంటగదిలో పడుకొన్నారు. భవానీదీక్షాపరులు గిరిప్రదక్షిణలో చిట్టినగర్ మీదుగా సాగే రోజులలో, కుళాయి దగ్గర చెంబెడు నీటికి తగవులాడిన స్త్రీలే బిందెలకు బిందెలు క్రింది వీధికి మోసుకొనిపోయి వారికి పోసేవారు. పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం ఒకటని మనం పాఠాలలో చదువుకొంటాము. వారెవరికీ ఆ పేరు తెలియదు. అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రికి పొరుగున, తపస్సుకు ఏమాత్రం అనుకూలం కాని ఆ రొదలో అది నిత్యం జరిగిపోయేది.

ఇక ఈ అపార్ట్‌మెంటు సంగతి. ఇక్కడ శుభ్రత ఉన్నది, నీరు ఉన్నది, లిఫ్టు ఉన్నది, నిశ్శబ్దం పుష్కలంగా ఉన్నది. నిరుడు ఒక ఉదయం నివాసుల వాట్సాప్ బృందంలో, ఆనాడు పది గంటల నుండి పదకొండు వరకు రెండవ లిఫ్టును ఎవరూ వాడవద్దని సందేశం వచ్చింది. మరమ్మతు కాబోలు అనుకొన్నాము. నాలుగవ అంతస్తులో ఒక పెద్దాయన గతించారని, ఆయనను దింపడానికే ఆ ఏర్పాటని సాయంత్రం వాచ్‌మన్ చెబితే తెలిసింది. సందేశం క్రింద పాతికమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. లిఫ్టును గూర్చి వ్రాసినవారు మర్యాదస్థులే. ఎవరికీ అసౌకర్యం కలగరాదన్నదే వారి తాపత్రయం.

పతంజలి మహర్షి చిత్తప్రసాదనానికి నాలుగు భావనలు విధించాడు. సుఖులయందు మైత్రి, దుఃఖితులయందు కరుణ, పుణ్యాత్ములయందు ముదిత, పాపులయందు ఉపేక్ష. ఎదుటి తలుపు వెనుక సుఖమున్నదో దుఃఖమున్నదో తెలియనప్పుడు మొదటి రెండింటిని ఎవరియందు అభ్యసించాలి? మాకు ఇక్కడ సులభంగా సాధ్యమవుతున్నది నాల్గవది ఒక్కటే. మహర్షి దానిని పాపవిషయంలో చెప్పాడు. మేము పొరుగువారి విషయంలో పాటిస్తున్నాము. ఇట్టి నిశ్శబ్దంలో కన్నులు మూసుకొంటే చిత్తం తన జనసమూహాన్ని తానే సృష్టించుకొంటుందని నా అనుభవం. కొండమీద కుళాయి రొదలో చేసిన జపం ఇంతకంటె స్థిరంగా సాగేది.

"ఇది మమకారం కదా" అని ఆ సత్సంగమిత్రురాలు మొన్న నన్ను మందలించారు. ఆ ప్రశ్న నేనూ వేసుకొన్నాను. ఆ ఇంటిమీద నాకు దిగులు లేదు. కొన్నవారు దానిపై మరొక అంతస్తు లేపారట, సంతోషం. నాకు వెలితిగా ఉన్నది వేరు. అక్కడ ఉదయం ఏడు దాటినా ఒక తలుపు తెరుచుకోకపోతే ఎవరో ఒకరు వచ్చి తట్టేవారు. "ఏం టీచరమ్మగారూ, ఇయ్యాల ఇంకా లేవలేదా, ఒంట్లో బాగుందా?" అని అడిగేవారు. భక్తుని లక్షణాలు చెప్పే పన్నెండవ అధ్యాయంలో మైత్రి, కరుణ, నిర్మమత్వం ఈ మూడూ ఒకే శ్లోకంలో ఉన్నాయి. ఇల్లు తనదనే భావం లేనివాడన్న మాట ఆ తరువాత ఎప్పటికో వస్తుంది. అందుచేత నిర్మమత్వం ఆ తలుపు తట్టే చేతిని ఆపమంటుందని నేను అనుకోను. మా మిత్రురాలు ఇందుకు సమ్మతించలేదు. మా వాదం ఇంకా సాగుతున్నది.

ఈ మధ్య శుక్రవారాలలో అమ్మవారికి నివేదించిన పులిహోర ఒక గిన్నెడు ఎదుటి ఇంటికి ఇస్తున్నాను. మొదటిసారి ఆ యువతి తలుపుకున్న అద్దంలోనుంచి చాలాసేపు చూసి, గొలుసు తీయకుండానే అందుకొన్నది. గిన్నెను కడిగి, ఖాళీగా, వాచ్‌మన్‌చేత పంపించింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరాదని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. నాల్గవ శుక్రవారం గిన్నెలో రెండు జామకాయలు వచ్చాయి, తానే తెచ్చింది. పేరు అడగడానికి నాకు మొహమాటం వేసింది. వచ్చే శుక్రవారం అడగాలి.