చీటీ లేని ఖర్చు

2023 ఉగాది వెళ్ళిన నాలుగో రోజు రాత్రి. పాలకి తోడు వేసి, గిన్నె మీద మూత పెడుతుంటే ఫోన్ మోగింది. మా పెద్దమ్మాయి. హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతూ హాస్టల్లో ఉండేది అప్పుడు. ఆ వేళప్పుడు చెయ్యదే అనుకుంటూ ఎత్తాను. "అమ్మా, లెక్కలో 6,400 తేడా వచ్చిందే" అని ఒకటే ఏడుపు.

ఏ లెక్కో చెప్పాలి కదా. వాళ్ళ యూనివర్సిటీలో పిల్లలు నడుపుకునే సాంస్కృతిక సంఘం ఒకటి ఉంది. ఉగాది, సంక్రాంతి ముగ్గులు, బతుకమ్మ, పాటల పోటీలు, నాటికలు అన్నీ వాళ్ళే చేసుకుంటారు. దానికి ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, జాయింట్ సెక్రటరీ, కోశాధికారి. ఆ కోశాధికారి మా అమ్మాయి.

అసలు ఆ పదవికి నిలబడతానన్నప్పుడే మా ఇంట్లో పెద్ద రభస అయింది. మావారు, "చదువుకోమని పంపితే ఎలక్షన్లా? కొట్లాటలూ కేసులూ మనకెందుకు?" అన్నారు. ఆయన వయసు వాళ్ళకి కాలేజీ ఎన్నికలంటే కర్రలూ రాళ్ళే గుర్తొస్తాయి. మా అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. యూనియన్ ఎన్నికలు వేరట, వీళ్ళ సంఘం వేరట. యూనియన్ ఎన్నికలకైనా ఇప్పుడు లింగ్డో కమిటీ చెప్పిన నిబంధనలున్నాయట. ఎలక్షన్ కమిషనర్‌గా చేసిన లింగ్డో గారే. ఆ నిబంధనలు పాటించాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అభ్యర్థి 5,000 రూపాయలకి మించి ఖర్చు పెట్టకూడదు, అచ్చు వేయించిన పోస్టర్లు అంటించకూడదు, చేత్తో రాసినవే, హాజరు 75 శాతం ఉండాలి. వీళ్ళ సంఘంలో అయితే అంత కూడా లేదు. ఒక సాయంత్రం అందరూ హాల్లో కూర్చుని చేతులెత్తడమే.

నిజం చెప్పొద్దూ, నేను కూడా మొదట వద్దనే అన్నాను. అన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీ వార్షికోత్సవం కమిటీలో ఆడపిల్లల తరఫున నా పేరు రాశారు. ఇంటికొచ్చి చెబితే మా నాన్నగారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "అక్కర్లేదు" అన్నారు. అంతే, ఒక్క మాట. మర్నాడు వెళ్ళి నా పేరు నేనే కొట్టేయించుకుని వచ్చాను. ఆ ఏడాదే పెళ్ళి. ఇప్పుడు అదే మాట నా నోట్లోంచి వచ్చిందే అనిపించింది. తెల్లారగానే ఫోన్ చేసి, "నిలబడవే, నాన్నగారికి నేను చెప్పుకుంటాను" అన్నాను.

అదిగో, అలా నేను నిలబెట్టిన పిల్ల ఇప్పుడు ఫోన్లో ఏడుస్తోంది.

మావారు పక్కనుంచి విని, "ఆ 6,400 ఇప్పుడే పంపించేస్తాను, ఏడవద్దని చెప్పు" అని ఫోన్ తీశారు. పాపం, తండ్రి మనసు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎందుకంటే నాకొక చేదు అనుభవం ఉంది. 2004లో మా వీధిలో పన్నెండు మందిమి నెలకి 500 చొప్పున చీటీ వేసుకున్నాం. డబ్బు నా దగ్గర ఉంచేవాళ్ళు. ఒక నెల పాట రోజున లెక్క చూస్తే 500 తక్కువ. గొడవెందుకులే అని పోపుల పెట్టెలో దాచుకున్న నా డబ్బు తీసి కలిపేశాను. ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత తేలింది, ఒకావిడ ఆ నెల ఇవ్వనే లేదు, ఇచ్చాననే అనుకుంటోంది. అడిగితే ఆవిడేమందో తెలుసా? "తక్కువైతే ఆ రోజే చెప్పాలి కదమ్మా. నువ్వు వాడుకుని, నువ్వే తెచ్చి పెట్టి, ఇప్పుడు నా మీద పెడతావా?" అంది. నా డబ్బు పోయింది, పైగా మాట పడ్డాను. ఆ చీటీ పూర్తయ్యేదాకా ఎవరింటికీ తలెత్తుకుని వెళ్ళలేకపోయాను.

అందుకే అమ్మాయితో, "మన డబ్బు ఒక్క రూపాయి కూడా అందులో కలపకు. కలిపితే నువ్వు తీసినట్టే. ముందు మొహం కడుక్కురా. పెన్నూ పుస్తకం తీసుకో" అన్నాను.

లెక్క ఇలా ఉంది. 212 మంది సభ్యులు తలా 100 కడితే 21,200. యూనివర్సిటీ వాళ్ళిచ్చింది 25,000. ఒక పుస్తకాల షాపాయన చందా 10,000. మొత్తం 56,200. ఖర్చు రాసింది 47,350. మిగలాల్సింది 8,850. బ్యాంకులోదీ చేతిలోదీ కలిపితే 2,450 ఉంది. 6,400 తేడా సరిగ్గానే వచ్చింది.

"రాసింది పక్కన పెట్టు. ఆ రోజు పొద్దున్న లేచినప్పటినుంచి రాత్రి పడుకునేదాకా ఏం జరిగిందో చెప్పు. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎవరి చేతికి ఏమిచ్చావు" అన్నాను. మన ఇళ్ళల్లో పెళ్ళయ్యాక లెక్క చూసుకోవడం అలాగే కదండీ. పుస్తకంలో దొరకని ఖర్చు జ్ఞాపకంలో దొరుకుతుంది.

అది చెప్పుకుంటూ పోయింది. పొద్దున్నే ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరక్క తిరగడం, మైకువాడు ఆలస్యంగా రావడం, నాటికలో రాజు వేషం వేసినవాడికి కిరీటం పట్టకపోవడం. ఇవన్నీ వింటుంటే నాకు నవ్వొస్తోంది, దానికి ఏడుపొస్తోంది. మధ్యలో, "అప్పుడు పులిహోర అయిపోయింది, జనం ఎక్కువొచ్చారు. మా అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చి ఇంకో యాభై ప్లేట్లు చెప్పానన్నాడు" అంది. ప్లేటు 40 రూపాయలు. 2,000 చేతికిచ్చింది. చీటీ లేదు. హమ్మయ్య, ఒకటి దొరికింది.

ఇంకాసేపటికి, కుర్చీలు తిరిగి పంపడానికి ట్రాలీ ఆటో మాట్లాడారని గుర్తొచ్చింది. రెండు ట్రిప్పులకి 900. షామియానా బిల్లులోనే ఉందనుకుని రాయలేదు. ఉన్నది 7,000, అందులో ఆటో లేదు.

ఇంక 3,500 మిగిలింది. గంట ఒకటిన్నర. మావారు కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. "ఖర్చు కాకపోతే వసూలులో చూడవే. 212 మందీ నీ చేతికే ఇచ్చారా?" అన్నాను. అటువైపు మాట లేదు. కాసేపటికి నెమ్మదిగా, "కొంతమంది జాయింట్ సెక్రటరీ ఫోన్‌కి స్కాన్ చేసి పంపారమ్మా. జాబితా ఇచ్చాడు. అది చూసి రసీదులు రాసేశాను" అంది. ఎంతమంది? ముప్ఫై అయిదు మంది.

చూశారా! రసీదు రాసింది, డబ్బు చేతికి రాలేదు. ఈ స్కాన్లొచ్చాక సుఖమూ ఉంది, చిక్కూ ఉంది. డబ్బు కంటికి కనబడదు కదా. ఆ అబ్బాయి దొంగేమీ కాదు. సంఘం డబ్బు, వాళ్ళ నాన్న పంపిన డబ్బు ఒకే ఖాతాలో పడ్డాయి, మెస్ బిల్లుకి కట్టేశాడు. తనకే తెలియలేదు. నేను పాల డబ్బు ఒక డబ్బాలో, గ్యాస్ డబ్బు ఇంకో డబ్బాలో ఎందుకు పెడతానో మా అమ్మాయికి ఆ రాత్రి అర్థమైనట్టుంది. చిన్నప్పుడు "ఇన్ని డబ్బాలెందుకమ్మా" అని నవ్వేది.

సరే, తేడా దొరికింది. అసలు కష్టం తర్వాత వచ్చింది. అధ్యక్షుడూ జాయింట్ సెక్రటరీ కలిసి, "ఇప్పుడు అందరి ముందూ చెప్పడం ఎందుకు, పూల ఖర్చు, బహుమతుల ఖర్చు కాస్త పెంచి రాసేద్దాం" అన్నారట. అంతా స్నేహితులే మరి. రోజూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు. నన్నడిగింది. నేను మాత్రం ఏం చెప్పను? ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక, అక్కడ ఉండాల్సింది అది. "నీ సంతకం ఏ కాగితం మీద ఉంటుందో అది చూసుకో. మిగతాది నీ ఇష్టం" అన్నాను. ఆ రెండు రోజులూ నాకు వంట మీద ధ్యాస లేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

సమావేశంలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చదివిందట. చీటీ లేకుండా 2,000 ఇవ్వడం, ఆటో 900 రాయకపోవడం, డబ్బు రాకుండా రసీదులు రాయడం తన తప్పులేనంది. వంటాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి యాభై ప్లేట్లకి చీటీ రాయించుకొచ్చింది. ఆటో నంబరు దొరకలేదు. ఆ ఖర్చుకి కాగితం రాసి ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. జాయింట్ సెక్రటరీ 3,500 రెండు విడతల్లో కట్టాడు. సంఘం చూసే లెక్చరర్ మేడమ్ గారు, ఇకమీదట ఎవరి సొంత ఫోన్‌కీ డబ్బు రాకూడదు, సంఘం ఖాతాకే రావాలి అని రాయించారు. అధ్యక్షుడు ఆరు వారాలు మా అమ్మాయితో మాట్లాడలేదు. ఆ సంగతి నాకు వేసవి సెలవులకొచ్చాక, మామిడికాయ ముక్కలు తుడుస్తూ చెప్పింది. అప్పుడూ కళ్ళు తుడుచుకుంది గానీ, ఆవపిండి ఘాటు అంది.

ఆ ఏడాది వినాయకచవితికి మా అపార్టుమెంటు వాళ్ళు డబ్బు చూసే పని నాకు పెట్టారు. ప్రతి ఖర్చుకీ చీటీ కావాలన్నాను. సెక్రటరీ గారి భార్యకి కోపం వచ్చింది, "మనలో మనకి చీటీలేమిటండీ" అని. రానివ్వండి. పత్రి అమ్మే ముసలావిడ మాత్రం "నాకు రాయడం రాదమ్మా" అంది. నేనే రాసి, ఆవిడ చేత వేలిముద్ర వేయించుకుని పుస్తకంలో అంటించాను. 120 రూపాయలు.