నిమ్మకూరు దారిలో కృష్ణవేణి గుర్తొచ్చారు!

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు దాటితే పామర్రు. సెంటర్లో నిలబడితే నాలుగు దార్లు. ఒకటి బెజవాడకి, ఒకటి బందరుకి, ఒకటి గుడివాడకి, ఇంకోటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి. గుడివాడ వైపు వెళ్తే అక్కినేని, ఘంటసాల పుట్టిన ఊళ్లు. కూచిపూడి గురించి చెప్పక్కర్లేదు. బందరు దారిలో నిమ్మకూరు. 1923 మే 28న ఎన్టీఆర్ పుట్టింది అక్కడే.

ఇక్కడో తమాషా ఉంది. 2022లో ఎన్టీఆర్ పేరుతో జిల్లా పెట్టారు. అది విజయవాడ చుట్టుపక్కల ఉంది. నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది!

వీకెండ్‌లో బైకేసుకుని వెళ్లా. కోతలైపోయిన మడుల్లో మినుము పచ్చగా కనిపిస్తోంది. ఊళ్లో ఎవర్ని పలకరించినా ‘మా రామారావు’ అనే మొదలుపెడతారు. అంత అభిమానం సహజమే. కానీ నాకు ఇంకో పేరు గుర్తొచ్చింది: సి.కృష్ణవేణి.

ఎన్టీఆర్ మొదటి సినిమా ‘మనదేశం’. 1949 నవంబరులో వచ్చింది. దర్శకుడు ఎల్వీ ప్రసాద్, సంగీతం ఘంటసాల. నిర్మాత, హీరోయిన్... ఇద్దరూ కృష్ణవేణే! అప్పటికి ఆమె వయసు పాతికేళ్లు కూడా నిండలేదు. 1936లో ‘సతీ అనసూయ’లో బాలనటిగా మొదలుపెట్టి, హీరోయిన్‌గా, గాయనిగా పేరు తెచ్చుకున్నారు. నూజివీడు దగ్గరి మీర్జాపురం జమీందారు ఆమె భర్త. ‘మనదేశం’ తీసిన బ్యానర్‌కి కూతురి పేరే పెట్టుకున్నారు.

సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వదిలేసి మద్రాసు వెళ్లిన కుర్రాడి ధైర్యం గురించి అందరం మాట్లాడతాం. కెమెరా ముందు ఒక్క సినిమా కూడా చేయని ఆ కుర్రాణ్ని తన సొంత సినిమాలోకి తీసుకున్నావిడ ధైర్యం మాటేంటి? సినిమా తేడా కొడితే పోయేది ఆమె డబ్బు, ఆమె పేరు.

అయితే అది గుడ్డి రిస్కు కాదు. హీరో సీహెచ్ నారాయణరావు, ముఖ్య పాత్రలో నాగయ్య... ఇద్దరూ జనానికి బాగా తెలిసినవాళ్లు. కొత్తవాడికిచ్చింది చిన్న పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పైలట్ రిలీజ్! కొత్త ఫీచర్‌ని ముందు కొద్దిమందికే ఇచ్చి చూస్తాం కదా, అలాగన్నమాట. మరుసటి ఏడాదే బి.ఎ.సుబ్బారావు ‘పల్లెటూరి పిల్ల’లో ఆయన హీరోగా కనిపించాడు. మిగతాది మీకు తెలిసిందే.

1950లో ఆమె ఇంకో రిస్కు చేశారు. లక్ష్మమ్మ కథ మీద ఒకే ఏడాది రెండు సినిమాలు. అటు పక్క అక్కినేని, అంజలీదేవి. ఇటు పక్క కృష్ణవేణి ‘లక్ష్మమ్మ’. పోటీ అని తెలిసీ ఆమె వెనక్కి తగ్గలేదు. దానికి దర్శకుడు, రచయితగా మనకు తెలిసిన త్రిపురనేని గోపీచంద్. ఆయనదీ ఈ చుట్టుపక్కల అంగలూరే.

నా మొదటి ఉద్యోగం కూడా ‘ఈ అబ్బాయికి ఒక ఛాన్స్ ఇద్దాం’ అని ఒక మేనేజర్ అన్నందుకే వచ్చింది. ఇప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్లో నేనూ కూర్చుంటున్నా. ఫ్రెషర్ రెజ్యూమె వస్తే ‘ఎక్స్‌పీరియన్స్ లేదు’ అని పక్కన పెట్టడం ఎంత తేలికో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. వద్దన్నందుకు మనల్ని ఎవరూ ఏమీ అనరు. తీసుకున్నాక తేడా వస్తేనే అందరూ అడుగుతారు.

కృష్ణవేణి నూరేళ్లు బతికారు. 2025 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. పెద్ద వయసులో ఆమె ఇచ్చిన ఇంటర్వ్యూలు యూట్యూబ్‌లో ఉన్నాయి, ఓసారి వినండి. ‘మనదేశం’ దొరికితే చూడండి. టైటిల్స్ మాత్రం స్కిప్ చేయకండి, నిర్మాత పేరు పడేదాకా ఆగండి.