లింకు కింద ఇచ్చాను, చూసుకోండి

కాఫీ తెచ్చుకున్నారా? తెచ్చుకోండి, ఇవాళ్టి కబురు డబ్బు గురించి. ఖాళీ చేతులతో వినే విషయం కాదు.

మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది ఆ వీడియో. మెరిసిపోతున్న కారుకి ఆనుకుని నిలబడి ఓ కుర్రాడు, "నేను నిద్రపోతుంటే నా అకౌంట్లో డబ్బులు పడుతున్నాయి బ్రో" అంటుంటాడు. అబద్ధమాడుతున్నాడని నేననను. అర్ధరాత్రి ఎవరో బెంగళూరులో నిద్రపట్టక అతని లింకు నొక్కి దోమల బ్యాట్ కొంటే, పొద్దున్న లేచేసరికి కమీషన్ లెక్కలో పడే ఉంటుంది. ఎంత పడిందన్నది మాత్రం ఆ వీడియోలో వెతికినా దొరకదు. ఆ కారు ఎవరిదన్నదీ దొరకదనుకోండి.

అఫిలియేట్ మార్కెటింగ్ అని పేరు గంభీరంగా ఉంది గానీ, చేసేది మన పెళ్లిళ్ల పేరయ్య పని. సంబంధం చూపించాడు, కుదిరింది, తన కమీషన్ తను పుచ్చుకున్నాడు. పందిళ్లూ వంటలూ అతనివి కావు, ఆ తర్వాత కాపురం ఎలా సాగిందన్నదీ అతని పూచీ కాదు. ఇక్కడా మీరు వస్తువు చూపిస్తారు, అమ్మేవాడు వేరే ఉంటాడు, సరుకు పంపేదీ పాడైతే వెనక్కి తీసుకునేదీ వాళ్లే. అమెజాన్ తన పేరయ్యలను చేర్చుకోవడం 1996లోనే మొదలుపెట్టింది, అప్పటికింకా అది వట్టి పుస్తకాల కొట్టు.

అయితే మన పేరయ్యకి లేని చిక్కు ఈ పేరయ్యకి ఒకటుంది. అమెజాన్ లింకు ఆయుష్షు 24 గంటలు. నొక్కిన మనిషి ఆ గడువులోపు వస్తువుని కొనాలి, కనీసం బుట్టలోనైనా వేసుకోవాలి. "ఇంట్లో అడిగి చెబుతామండీ" అని వెళ్లి మూడోనాడు వచ్చి కొంటే మీకు పైసా రాదు. మనవాళ్లు ఫ్రిజ్ కొనాలంటే ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. బావగారిని అడగాలి, ఆషాఢం తగ్గింపు ధరలు చూడాలి, మంచిరోజు చూడాలి, చివరికి ఊళ్లో షాపుకెళ్లి బేరమాడి అక్కడే కొనాలి. మీరు చెప్పిన మోడలే కొంటారు, మీ పేరు చెప్పుకునే కొంటారు. మీకొచ్చేది మాత్రం ఆ పేరే.

ఇంకో మెలిక. చాలాచోట్ల ఆఖరున ఎవరి లింకు నొక్కితే వారిదే కమీషన్. మీరు గంటసేపు వివరించి ఒప్పించినా, డబ్బు కట్టేముందు ఆ మనిషి ఇంకెవరిదో కూపన్ లింకు నొక్కాడో, మీ కష్టం వాళ్ల ఖాతాలోకి పోతుంది. 2024 డిసెంబరులో అమెరికాలో పెద్ద గొడవే రేగింది దీని మీద. పేపాల్ దాదాపు 400 కోట్ల డాలర్లు పెట్టి కొన్న హనీ అనే కూపన్ల ఉపకరణం, బిల్లు కట్టే వేళకి వీడియో చేసినవాళ్ల లింకు గుర్తు చెరిపేసి తన గుర్తు పెట్టుకుంటోందని ఆరోపణ. యూట్యూబర్లు కోర్టులకెక్కారు. హనీని పొగుడుతూ వీడియోలు చేసినవాళ్లలో చాలామంది కూడా అఫిలియేట్లే మరి!

సరే, లెక్కలకొద్దాం. మా మేనకోడలు వంటల చానల్ నడుపుతోంది. బాగా చేస్తుంది, చక్కగా మాట్లాడుతుంది. మొన్నామధ్య వచ్చి, "మావయ్యా, నెలకి ఇరవై వేలొస్తే చాలు, ఉద్యోగం మానేస్తాను" అంది.

"కాగితం తియ్యమ్మా" అన్నాను.

రెండు వేల రూపాయల కుక్కర్. కమీషన్ 4 శాతం అనుకున్నాం, వస్తువుని బట్టి ఇది మారుతుంది. అంటే కుక్కర్‌కి 80 రూపాయలు. నిజానికి పన్ను తీసేసిన ధర మీద కడతారు కాబట్టి అంతా రాదు, అయినా పోనీ అనుకున్నాం. ఇరవై వేలు రావాలంటే నెలకి 250 కుక్కర్లు. లింకు నొక్కినవాళ్లలో నూటికి ముగ్గురు కొంటారనుకుంటే 8,300 మంది పైగా నొక్కాలి. వీడియో చూసినవాళ్లలో నూటికి ఇద్దరు నొక్కుతారనుకుంటే 4 లక్షల మంది పైగా చూడాలి. ఒక్కసారి చూస్తే చాలదు, ప్రతి నెలా చూడాలి.

"నీ పెసరట్టు వీడియో ఎంతమంది చూశారు?"

"పదకొండు వేలు."

220 మంది నొక్కుతారు, ఆరు కుక్కర్లు పోతాయి, 480 రూపాయలొస్తాయి. పిల్ల కాసేపు ఆ కాగితం వైపే చూసి, "పెసరట్ల మీద పోసిన నేతి ఖర్చు వస్తుందిలే మావయ్యా" అంది. తెలివైన పిల్ల. ఉద్యోగం మానలేదు, చానలూ మానలేదు.

అంకెలు మీవి మీరు వేసుకోండి. మీ దగ్గర నూటికి అయిదుగురు కొంటారేమో, మీరు చెప్పేది ఇరవై వేల రూపాయల వస్తువేమో. నేను చెప్పేదల్లా, ఈ లెక్క కావలసిన డబ్బు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెయ్యండని. ముందు నుంచి వేస్తే అన్నీ కాకి లెక్కలే అవుతాయి: తెలుగువాళ్లు ఇన్ని కోట్ల మంది, అందులో ఒక్క శాతం నా లింకు నొక్కినా... అంటూ. ఆ ఒక్క శాతం దగ్గరే చాలామంది మేడలు కట్టేస్తారు.

ఈ వ్యాపారంలో కొన్ని తమాషాలూ ఉన్నాయి. మీ కుక్కర్ లింకు నొక్కిన మనిషి కుక్కర్ మానేసి ఆ గడువులోనే చెప్పులూ, చార్జరూ, పిల్లాడి డైపర్లూ కొన్నాడనుకోండి, వాటికీ మీకు కమీషన్ పడుతుంది. నెలాఖరున రిపోర్టు తెరిస్తే ఏ మహానుభావుడో మీ గోంగూర పచ్చడి వీడియో నుంచి వెళ్లి సైకిల్ పంపు కొన్నట్టుంటుంది. ఎవరో తెలియదు, వస్తువు పేరే కనిపిస్తుంది. నాకీ వ్యాపారంలో బాగా నచ్చిన భాగం ఇదే. కొన్న వస్తువు తిప్పి పంపేస్తే మాత్రం కమీషన్ కూడా తిప్పి పంపినట్టే. బట్టల లింకులు పెట్టేవాళ్లని కదిపి చూడండి, సైజు కుదరక వెనక్కెళ్లిన కుర్తీల చరిత్ర చెబుతారు.

పైగా అమ్మినరోజే డబ్బు రాదు. నెల ముగిసిన తర్వాత సుమారు 60 రోజులకి వస్తుంది. దసరాకి అక్టోబరులో అమ్మింది సంక్రాంతి పిండివంటల ఖర్చుకి అందుతుందన్నమాట. చేరిన కొత్తలో ఇంకో పరీక్ష: 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలైనా జరగకపోతే అమెజాన్ మీ ఖాతా మూసేస్తుంది. మూడే కదా, నేనే కొనేసుకుంటానంటారేమో, అది కుదరదు. మన లింకుతో మనం కొనుక్కున్నవి చెల్లవు, పిన్నికీ బాబాయికీ మనమే కొనిపెట్టినా చెల్లవు.

ఇంతా కష్టపడి నిలదొక్కుకున్నాక అవతలివాడు రేటు మార్చేయొచ్చు. 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్‌లో లోకమంతా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో కొంటున్నప్పుడు, అమెరికాలో అమెజాన్ వారం రోజుల నోటీసు ఇచ్చి ఫర్నిచర్ కమీషన్ 8 శాతం నుంచి 3కీ, కిరాణా కమీషన్ 5 నుంచి 1కీ దించేసింది. నిన్న వంద వచ్చినచోట ఇవాళ ఇరవై. ఎవరికి చెప్పుకుంటారు? ఒప్పందంలో ఆ హక్కు వాళ్లదే. గూగుల్ సంగతీ అంతే. 2023 సెప్టెంబరులోనూ 2024 మార్చిలోనూ వెతుకులాట పద్ధతులు మార్చినప్పుడు, సమీక్షలు రాసుకుని బతికే చిన్న సైట్లు ఎన్నో పాఠకులను పోగొట్టుకున్నాయి. ఇప్పుడు "మంచి మిక్సీ ఏది" అని అడిగితే పైనే ఏఐ జవాబు చెప్పేస్తోంది. జవాబు దొరికినవాడు కిందికి దిగి మీ పేజీ తెరవాలని ఎక్కడుంది?

ఇదంతా విన్నాక, దీన్నుంచి బాగుపడ్డవాళ్లే లేరా అంటే ఉన్నారు. బ్రయాన్ లామ్ అని, గిజ్మోడో అనే టెక్ సైటు సంపాదకుడిగా రోజూ డజన్ల కొద్దీ వార్తలు పరిగెత్తించి విసిగిపోయి, 2011లో వైర్‌కట్టర్ అని ఒక సైటు పెట్టాడు. తక్కువ రాసేవాళ్లు. ఒక్కో వస్తువుని వారాల తరబడి వాడి, విరగ్గొట్టి, పక్కపక్కన పెట్టి చూసి, "ఇది కొనండి" అని ఒక్కటి చెప్పేవాళ్లు. 2015లో ఆ లింకుల మీద 15 కోట్ల డాలర్ల సరుకు అమ్ముడైంది. 2016లో న్యూయార్క్ టైమ్స్ ఆ సంస్థను సుమారు 3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఏడాదిలో అమ్మిపెట్టిన సరుకులో అయిదో వంతు, మొత్తం సంస్థ ఖరీదు!

మరో రకంగా బాగుపడ్డవాడూ ఉన్నాడు. షాన్ హోగన్ అని, ఈబే అఫిలియేట్లలో అందరికంటే పైవాడు, వచ్చిన కమీషన్ 2.8 కోట్ల డాలర్లు. తీరా చూస్తే, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే జనం కంప్యూటర్లలో తన గుర్తు పెట్టేస్తున్నాడు. వాళ్లు తమంతట తాము ఈబేకి వెళ్లి కొన్నా కమీషన్ ఇతనికే. 2014లో అయిదు నెలల జైలు పడింది.

మనకి లామ్ దారే గతి. అయితే అతనంత ప్రయోగశాల అక్కర్లేదు. మీ ఇంట్లో వెట్ గ్రైండర్ ఉందనుకోండి. రాయి తీసి కడగడానికి ఎంత బరువు, గిన్నె అంచుకి పిండి అంటుకుంటుందా, ఆరుగురికి ఇడ్లీ పిండి ఒక్క వాయిలో అవుతుందా, మినప్పప్పు పొంగిందా, పక్కగదిలో పరీక్షకి చదువుకునే పిల్లాడికి ఆ చప్పుడు భరించేలా ఉందా, బెల్టు తెగితే మీ ఊళ్లో బాగుచేసేవాడున్నాడా... ఇవి డబ్బా మీద ఉండవు. వాడిన మనిషే చెప్పాలి. ఇలా నాలుగు వస్తువుల గురించి చెప్పగలిగినవాళ్లకి, రోజూ లూట్ డీల్స్ అంటూ టెలిగ్రామ్‌లో యాభై లింకులు కుమ్మరించేవాళ్ల కంటే ఎక్కువ కాలం నడుస్తుందని నా నమ్మకం. అదీ వేణ్నీళ్లకు చన్నీళ్లుగా. వేణ్నీళ్ల కాగు ముందు పొయ్యి మీద ఉండాలి.

మీ చానల్ చూసేవాళ్లలో సగం మంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారా? మన దేశపు లింకు వాళ్లకి పనికిరాదు. అక్కడి అమెజాన్‌కి వేరే ఖాతా తీసుకోవాలి. మన ఆవకాయ పాఠాలు ఎక్కువగా చూసేది వాళ్లే కాబట్టి ముందే చూసుకోండి.

కమీషన్ ఎక్కువ ఇచ్చేవి లేవా అని అడగబోతున్నారు. ఉన్నాయి. క్రెడిట్ కార్డులకీ డీమ్యాట్ ఖాతాలకీ ఒక్కోదానికి వందల్లో ఇస్తారు. కుక్కర్ నచ్చకపోతే అటక మీద పెడతారు. అప్పు కార్డు నచ్చకపోతే అటకెక్కదు, వడ్డీ ఎక్కుతుంది. మీ మాట మీద నమ్మకంతో తీసుకున్న పక్కింటి అబ్బాయి మొహం రోజూ మెట్ల దగ్గర చూడాల్సింది మీరే. నేనైతే ఆ జోలికి పోను.

ఇక ఆ కారు కుర్రాడిలాంటివాళ్లు అమ్మే కోర్సుల సంగతి. చాలా వాటిలో ఉండే కిటుకు ఒకటే: కోర్సు కొన్నవాళ్లు మళ్లీ ఆ కోర్సునే ఇంకొకరికి అమ్మి కమీషన్ తెచ్చుకోవాలి. అక్కడ కుక్కర్లూ లేవు, గ్రైండర్లూ లేవు, సరుకు మనమే. మనుషుల్ని చేర్పించినందుకే డబ్బు వచ్చే గొలుసుకట్టు పథకాలను 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చానల్ మొదలవకముందే విజిటింగ్ కార్డుల మీద "డిజిటల్ ఆంత్రప్రెన్యూర్" అని వేయించుకున్నవాళ్లని చూశాను. ఆ కార్డులు అచ్చేసినవాడికి మాత్రం గిట్టుబాటైంది.

లింకు పెట్టినప్పుడు "దీని ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని అందరికీ కనిపించేలా చెప్పండి. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ మేరకు మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి 10 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. చెబితే జనం నొక్కరేమోనని భయపడతారు గానీ, మనవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. దాచితేనే పట్టించుకుంటారు.

టాక్సు సంగతి చివరికి మిగిలింది. ఖాతా తెరిచేటప్పుడే పాన్ నంబరు సరిగ్గా ఇవ్వండి, లేకపోతే టీడీఎస్ పట్టుకోవలసి వచ్చినచోట 20 శాతం పట్టుకుంటారు. పట్టుకున్నది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ ఖాతాలో కనిపిస్తుంది, రిటర్ను వేస్తే లెక్కలో సర్దుబాటవుతుంది. వచ్చింది 480 రూపాయలైనా ఆదాయమే, జీతంతో పాటు చూపించాలి. కెమెరా, లైటు, ఇంటర్నెట్ బిల్లులు దాచి ఉంచుకోండి, వాటిలో ఏది ఖర్చు కింద రాసుకోవచ్చో మీ ఆడిటర్ గారు చెబుతారు. నెయ్యి మాత్రం ఒప్పుకుంటారో లేదో అడిగి చూడండి.