వంత పలికే చోటు

సినిమా పూర్తి కాకమునుపే లేచి నిలుచుండే జనులపై నాకు చిరకాలముగా ఒక కోపము కలదు. తెరపై పేర్లు పడుట మొదలుకాగానే చెప్పులు వెదకికొనుట, సెల్‌ఫోను దీపము వెలిగించి సీట్ల క్రింద చూచుకొనుట, ‘లిఫ్టు కాడ రష్ అయితది, జల్ది నడువుండ్రి’ అని ఒకరినొకరు తొందరపెట్టుట, ఈ సంప్రదాయము మన నగరమున ఎన్నడు పుట్టినదో గాని, 2025 వేసవిలో ఉప్పల్‌లోని ఒకానొక హాలులో ‘సిన్నర్స్’ అను అమెరికా చిత్రమును చూచిన రాత్రి ఆ కోపము హద్దు దాటినది.

1932 నాటి మిసిసిపీ రాష్ట్రము, క్లార్క్స్‌డేల్ చుట్టుపట్ల పత్తిచేలు, పాత రంపపు మిల్లులో కవల సోదరులు తెరచిన పాటల కొట్టు, మతబోధకుని కొడుకైన సామీ చేతిలో గిటారు, ద్వారము వెలుపల రక్తపిశాచములు: ఇదీ కథ. దయ్యాల సినిమా యని వచ్చినవారు దయ్యముల సంగతి తేలిపోగానే టికెట్టు డబ్బు గిట్టినదని తలచినారు, లేచినారు. కాని అసలు ముగింపు ఇంకను మిగిలియున్నది. కొన్ని పేర్లు పడిన పిమ్మట కథ 60 ఏండ్లు దాటి 1992 నాటి చికాగోకు పోవును. ముసలివాడైన సామీ మరల కనిపించును. ఆ వేషము ధరించినవాడు బడ్డీ గై. 1936లో లూసియానాలో పుట్టి, చికాగో చేరి, బ్లూస్ గానముతోనే ముసలివాడైన నిజమైన గాయకుడు. ఆయన వ్రేళ్లు తీగలపై నున్న సమయముననే హాలులో దీపములన్నియు భగ్గున వెలిగినవి. చీపుళ్లు, నీలిరంగు ప్లాస్టిక్ బకెట్టు పట్టుకొని ఇద్దరు కుర్రవాండ్రు ముందు వరుసనుండి పాప్‌కార్న్ ఊడ్చుకొనుచు వచ్చినారు. వారిపై నాకు కోపము లేదు. తరువాతి ఆటలోగా హాలంతయు ఊడ్వవలసిన కూలివాండ్రు. దీపములు వెలిగించిన చేతిని మాత్రము నేనింకను క్షమింపలేదు.

ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవాడు స్వీడన్ దేశస్థుడు లుడ్విగ్ గోరాన్సన్. కథాకాలమునకు సరిపోవు 1932 నాటి డోబ్రో గిటారునే చేతబట్టి స్వరములు కట్టినాడు. డోబ్రో యనగా కడుపులో పలుచని అల్యూమినియపు గరాటు వంటిది అమర్చిన గిటారు. విద్యుత్తు సాయము లేని దినములలో, నలుగురు త్రాగి నర్తించు చోట, కర్ర గిటారు గొంతు ఎవ్వరికిని వినబడదు గనుక, డోప్యేరా సోదరులు 1920ల చివర ఆ లోహపు పొరతో నాదమును పెంచినారు. ఆ నాదమున మార్దవము తక్కువ. కొంచెము గరుకు, కొంచెము రేకుడబ్బా చప్పుడు. నాకు నచ్చినది ఆ గరుకే.

బ్లూస్ పాటకు ఒక నడక కలదు. పాదమొకటి పాడుదురు, దానినే మరల పాడుదురు, మూడవ పాదముతో దానికి బదులు చెప్పుదురు. అంతయు 12 తాళఖండములలో ఇమిడిపోవును. విశేషమేమనగా, ఒక్కొక్క పాదమునకు కేటాయించిన చోటు ఇంచుమించు సగము నిండగానే గాయకుడు నోరు మూయును. మిగిలిన సగము గిటారుది. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937లలో రికార్డు చేసిన 29 పాటలలో పక్కవాద్యము లేదు; మాట విడిచిన చోట తీగ, తీగ విడిచిన చోట మాట. మన బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దరు వంతలు నిలుతురు, ఒకడు హాస్యమునకు, ఒకడు రాజకీయమునకు. ఒగ్గుకథకుడును వంతలు లేనిదే కదలడు. మిసిసిపీ చేలలో గుంపుగా పని చేయునపుడు పాటకు వంత ఆ గుంపే. పని ముగిసి రైలుస్టేషను అరుగుపై ఒంటరిగా కూర్చున్నవాడు, వంతకు మనిషి దొరకక, తీగనే వంతగా నిలుపుకొన్నాడని నా సిద్ధాంతము. సంగీతశాస్త్రజ్ఞులు దీనిని అంగీకరింతురో లేదో విచారింపలేదు, విచారింపను కూడ.

ఈ సిద్ధాంతమునకు సాక్షి కావలెనన్నచో మిసిసిపీ దాకా పోనక్కరలేదు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాయించు పన్నెండు మెట్ల కిన్నెరను చూడుడు. వెదురుదండము, దాని క్రింద ఎండిన సొరబుర్రలు, దండముపై మైనముతో నిలిపిన మెట్లు, వాటిమీదుగా సాగిన లోహపు తీగలు. అల్యూమినియపు గరాటు చేయు పనినే అచ్చట సొరబుర్ర చేయును. ఆ గరుకుదనము, ఆ బొంగురు తీపి సైతము ఆ జాతివే. పండుగ సాయన్న కథ చెప్పునపుడు మొగులయ్య పాదము చివర ఆగును. కిన్నెర ‘ఔను, నిజమే’ అన్నట్లు పలుకును. ఆయన మరల అందుకొనును. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చినది, ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో కంఠము వినబడినది, సంతోషమే. కాని ఆ పాటలో, పెండ్లివారింట పెద్దమ్మ నోరు తెరవగానే మైకు లాగికొన్నట్లు, కిన్నెర తన బదులు చెప్పుకొనులోగా వాద్యసమూహమంతయు వచ్చి మీద పడినది. మన చిత్రసంగీతమునకు ఖాళీ యన్నచో భయము. క్షణము నిశ్శబ్దము దొరికెనా, అందులో వయొలిన్లు గ్రుక్కుదురు; వయొలిన్లు చాలనిచో కోరస్సు. ‘బలగం’ చిత్రమున బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన చివరి పాటను మాత్రము తాకకుండ విడిచినందుకు ఆ చిత్రము వారికి నా నమస్కారము. ఊరూర జనము దానిని తెర కట్టుకొని చూచి ఏడ్చినారు. ఆ యేడ్పులో సగము ఆ ఖాళీలదని నా నమ్మకము.

ఈ ఖాళీ విలువను మొట్టమొదట గుర్తించిన తెలుగు చిత్రము నా యెఱుకలో ‘మా భూమి’యే. 1979 నాటి చిత్రమది. దర్శకుడు వంగదేశీయుడు గౌతమ్ ఘోష్, నిర్మాతలలో ఒకరు బి. నర్సింగరావు, మూలము కిషన్ చందర్ ఉర్దూ నవల. సంగీతము వింజమూరి సీతాదేవి. దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడలు, భావగీతముల లాలిత్యములో పెరిగిన విదుషి, తెలంగాణ పోరాటపు పాట చేతికి వచ్చినపుడు తగుదునమ్మా యని దానికి మెరుగులు దిద్దలేదు. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి’ని గద్దర్ భుజాన గొంగడితో తెరపైకి వచ్చి పాడునపుడు ఆ కంఠములోని జీర జీరగానే యున్నది. పసులు గాచు పిల్లవానిని పలుకరించు సుద్దాల హనుమంతు పాటను సంధ్య పాడినది. అది వినునపుడు పాదమునకు పాదమునకు మధ్య ఆ పిల్లవాడు ఏదో బదులు చెప్పబోవుచున్నాడని, నోరు రాక ఊరకున్నాడని తోచును.

ఆ హనుమంతు ఊరైన సుద్దాల మాకు దూరమేమియు కాదు. ఉప్పల్ చౌరస్తా నుండి వరంగల్ రోడ్డు పట్టుకొని ఘట్‌కేసరము, బీబీనగరము మీదుగా భువనగిరి దాటి లోపలికి పోయినచో వచ్చును. ముందు ఉప్పల్ దాటవలెను, అదియే కష్టము. నారపల్లి దాకా తలపెట్టిన పై వంతెనకు స్తంభములు లేచి, ఏండ్ల తరబడి నెత్తిన ఏమియు లేక నిలిచిన రోడ్డది. వాటి నడుమ ఆగిన బస్సులో కూర్చున్నవానికి పాటలను గూర్చి సిద్ధాంతములు చేయుటకు కావలసినంత తీరిక లభించును.

నేను పోవలసినది అటు కాదు, నాచారము వైపు. అచ్చట ఎన్.టి. రామారావు 1976లో కట్టించిన రామకృష్ణ స్టూడియో పేరు వినగానే నా మనస్సు మిసిసిపీని విడిచి కురుక్షేత్రమునకు పోవును. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ ఆ స్టూడియోలో తీసినదే. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మువ్వురును ఆయనయే. సంగీతము పెండ్యాల నాగేశ్వరరావు. తెనాలినుండి వచ్చి నాచారము పారిశ్రామికవాడలో లేత్ మెషీను మీద పని చేసిన మా మేనమామకు ఆ చిత్రములోని పద్యములన్నియు కంఠస్థము. రాత్రి షిఫ్టు లేని దినములలో, చేతులకంటిన నూనె కిరసనాయిలుతో కడుగుకొని, వసారాలో నులకమంచముపై కూర్చుండి పద్యమెత్తుకొనెడివాడు. నాలుగవ పాదము చివర రాగము తీసి, నాటకములలో హార్మోనియము అందుకొను చోట, హార్మోనియము లేదు గనుక తానే పెదవులు బిగించి ఆ ధ్వని చేసెడివాడు. చేసి, హార్మోనిస్టును మెచ్చుకొన్నట్లు తల ఊపి, తిరిగి రాగమందుకొనెడివాడు. ప్రక్కవాటాలో నుండి ఎవరో ‘వన్స్ మోర్’ అని అరచెడివారు. అది ఎగతాళియో మెప్పో మామయ్య యెన్నడును పట్టించుకొనలేదు. ‘వన్స్ మోర్’ అన్నారు గనుక మరల పాడెడివాడు.

రామారావును దేవుడని కొలిచిన ఆ మనిషికి ఆ చిత్రముతో ఒకే ఒక తగవు: దుర్యోధనునికి భానుమతితో యుగళగీతము పెట్టుట. ‘సుయోధనుడికి డ్యూయెట్టేమిట్రా, అన్యాయం కాకపోతే!’ అని, నేను పెద్దవాడనై ఉద్యోగములో చేరిన తరువాత సైతము, నన్నే దోషిగా నిలబెట్టి అడిగెడివాడు. నారాయణరెడ్డి గారు అంత చక్కని పాట వ్రాసి, సుశీల, బాలసుబ్రహ్మణ్యము అంత చక్కగా పాడగా, రారాజు ఒక్క పూట సరసమాడినంత మాత్రమున భారతమునకు వచ్చిన లోటేమి యని అత్తయ్య వంటయింటినుండి వాదమునకు దిగెడిది. ఆ వాదములో నేను ఎల్లప్పుడును అత్తయ్య పక్షమే.