తీర్పునకు ముందు పరీక్ష

ప్రియ చదువరీ, మా బషీరాబాదు, తాండూరు ప్రాంతపు నాపరాతి గనుల దుమ్మును నీవెరుగుదువు. అది ఇంజనులో చొరబడినచో పిస్టన్ రింగులు అరిగి కంప్రెషన్ తగ్గును. కిరాయి కారుతో సంసారమీడ్చు నా తమ్ముని బండి బలము కోల్పోగా, అందరును దుమ్మునే నిందించి ఇంజను మార్చుమనిరి. అతడు పొలము తాకట్టు పెట్టబోయెను.

అయితే ఒక మెకానిక్కు ప్లగ్గులన్నియు విప్పి, ఒక్కొక్క సిలిండరుకు గేజి బిగించి చూచెను. ఒకటి మాత్రమే తక్కువ. అందులో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మరల చూచెను. ఒత్తిడి పెరిగినచో రింగుల లోపము. పెరుగనిచో సాధారణముగా వాల్వుల లోపము. ప్రక్కప్రక్క సిలిండర్లు రెండును తగ్గినచో హెడ్ గాస్కెట్టును అనుమానింపవలెను. ఇక్కడ ఒత్తిడి పెరుగలేదు. హెడ్డు విప్పగా వాల్వు ఒకటి కాలియుండెను. దానిని మార్చి సీటు నూరిరి, పొలము నిలిచెను.

చదువరీ, యంత్రమునైనను మనుష్యునినైనను పరీక్షింపక మునుపే త్రోసివేయకుము.