రాయీ, వేరూ, నీరూ

ఖరగ్‌పూర్ నేల ఎర్రనిది. వాన కురిసినప్పుడు రైల్వే కాలనీ దారుల ప్రక్క కాలువలలో పారే నీరు పలుచని కుంకుమనీటివలె కనిపిస్తుంది. వేసవిలో అదే నేల గునపానికి లొంగదు. హౌరా నుండి బయలుదేరిన బండి ఒండ్రుమట్టి పొలాలనూ చెరువులనూ దాటుకొని, సుమారు 115 కిలోమీటర్ల తరువాత ఈ ఎర్రనేల మీదికి వచ్చి ఆగుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇక్కడ జంక్షన్‌నూ కార్ఖానానూ నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల జనం పనికోసం ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు, 2013 వరకు ప్రపంచంలో దానికి మించినది లేదనేవారు. ఊరివారికి ఆ ఘనతతో నిమిత్తం తక్కువ. ఎండలో ఆ చివరినుండి ఈ చివరకు మూట మోసుకొని నడిచినవానికి ఆ కొలత అంకెలలో చెప్పనక్కరలేదు.

న్యూ సెటిల్‌మెంటులోని ఒక క్వార్టరు ముందుగదిలో, కిటికీకి దూరంగా, మూడడుగుల గాజుతొట్టి ఒకటి ఉండేది. అడుగున్నర ఎత్తు, పదిహేను అంగుళాల వెడల్పు. నిండా పోస్తే 150 లీటర్లకు కొంచెం పైగా నీరు పడుతుంది. ఆ బరువును మోసే టేకుబల్లను ఇంటి యజమానే స్వయంగా చేసుకున్నాడు. ఆయన కార్ఖానాలో క్యారేజి షాపు వడ్రంగి. ఆయన తండ్రి కూడా ఆ కార్ఖానాలోనే పనిచేసి, ఆ సైరను మ్రోతకే లేచి, ఆ ఊరిలోనే కన్నుమూశాడు. తండ్రి వంశధార ఒడ్డునుండి వచ్చినవాడు. కొడుకుకు వంశధార పెళ్ళిళ్ళకూ దినాలకూ వెళ్ళినప్పుడు చూచిన నది మాత్రమే.

తొట్టిని చూడవచ్చిన వారెవరైనా మొదట అడిగే ప్రశ్న చేపల గురించే. పొరుగున ఉన్న బెంగాలీ పెద్దమనిషి ఒకనాడు చాలాసేపు తేరిపార చూచి, “దాదా, ఇవి ఒక పూట కూరకైనా చాలవే!” అన్నాడు. అందులో పరిహాసం ఎంతో, విచారం ఎంతో చెప్పడం కష్టం. తొట్టిలో ఉన్నవి పది ఖల్సే చేపలు. బెంగాలు చెరువులలోనూ పొలాల నీటిగుంటలలోనూ పుట్టి పెరిగే జాతి అది. బొటనవ్రేలంత ఉంటాయి, ఈనేకాలంలో మగచేప ఒళ్ళు తేనెరంగు తిరుగుతుంది. నీటి పైకి వచ్చి గాలి పీల్చగలవు గనుక అవి మురుగుగుంటలలో కూడ బ్రతుకుతాయి. కాని ఆ తొట్టిలో చేపలు అతిథులు. అసలు కాపురం రాళ్ళదీ, వేళ్ళదీ, మొక్కలదీ.

అది ఎక్కువ చాకిరీ కోరని తొట్టి. బొగ్గుపులుసు వాయువు పంపే సిలిండరు లేదు, కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపం లేదు. అడుగున తోటమట్టి అంగుళంన్నర, దానిమీద కడిగిన ఏటియిసుక ఒక పొర. ఇసుకలో క్రిప్టోకోరిన్ మొక్కలు, మానుకు దారంతో కట్టిన జావా ఫెర్ను, రాతిసందున అనూబియాస్. ఇవన్నీ నెమ్మదిగా పెరిగే జాతులు, మసక వెలుతురుకు తృప్తిపడేవి. పదిహేను రోజులకొకమారు పావువంతు నీరు తీసి క్రొత్తనీరు పోస్తే చాలును. ఇంత తక్కువ పనితో నడిచే తొట్టికి ఒక షరతు ఉన్నది. మొదటినాటి అమరిక సరిగా ఉండాలి. అడవిలా పెరిగే మొక్కలు తప్పును కప్పివేస్తాయి. నెలకొక ఆకు వేసే మొక్క ఏ తప్పునూ దాచదు. రాయి ఎక్కడ పెట్టామో, వేరు ఎటు తిప్పామో, సంవత్సరాల తరబడి అట్లాగే కనిపిస్తుంది.

మాను కోసం ఆయన బజారుకు పోలేదు. వర్షాలు వెనుకబడిన తరువాత మేదినీపూర్ వైపు సైకిలు తొక్కుకొని పోయి కాంసావతీ నది ఇసుకతిన్నెల మీద తిరిగేవాడు. ఆ నది పురూలియా మెరకలలో పుట్టి సాలవనాల మీదుగా వస్తుంది. వరదలో కొట్టుకొనివచ్చిన మొద్దులు నీరు తీసిన తరువాత ఇసుకలో సగం కూరుకొని కనిపిస్తాయి. అక్కడ దొరికినది ఒక సాలవృక్షపు వేరు, మనవారు గుగ్గిలపు చెట్టనేది. అది ఆయనకు కొత్త కాదు. ఒకప్పుడు రైలుపట్టాల క్రింద పరిచిన స్లీపర్లలో ఎన్నో ఆ చెట్టువే. పచ్చిమానులో జిగురుంటుంది, అది చేపలకు మంచిది కాదు. అందుచేత బెరడు పూర్తిగా పోయి, మెత్తని పైచెక్క అంతా నీరు తిని, గోరు గ్రుచ్చితే దిగని గట్టిచేవ మాత్రం మిగిలిన వేరును ఏరుకున్నాడు.

ఇంటికి తెచ్చిన తరువాత దాని చదువు మొదలైనది. బట్టలు ఉడికించే గంగాళంలో రెండు దినాలు ఉడికించగా నీరు కషాయం రంగు తేలినది. పారబోసి మళ్ళీ ఉడికించారు. ఆ పైన నెలన్నర పెరటి నీళ్ళకుండీలో రాయి బరువు పెట్టి ముంచి ఉంచారు, లేకపోతే తేలుతుంది. వారానికొకసారి నీరు మార్చినకొద్దీ కషాయం పలుచబడి, చివరకు పలుచని తేనీటి రంగు మిగిలినది. ఆ మిగిలిన రంగు దోషం కాదు. మానులోని వగరు నీటిని కొంచెం పులుపువైపు త్రిప్పుతుంది, ఖల్సే చేపలకు అది హితం. తొట్టిలో దించిన వారానికి వేరు మీద తెల్లని బూజు లేచినది. ఇంటామె భయపడినది. అదీ నీటిలో దించిన ప్రతి కొత్తమానుకూ పట్టేదే. నత్తలు నాలుగు వదలగా కొన్ని వారాలలో శుభ్రంగా తినిపెట్టాయి.

కాని చిక్కు అంతా పెట్టడంలో వచ్చినది. ముప్ఫైయేళ్ళకు పైగా మూలమట్టం చేతపట్టి వంకరను సరిచేయడమే వృత్తిగా బ్రతికినవాడు ఆయన. బెర్తుచెక్క అంచు నూలంత తప్పినా చేయి పెట్టి చెప్పగలడు. ఆ చేయి వేరును తీసుకొనిపోయి తొట్టికి సరిగ్గా నడుమ, రెండు ప్రక్కలా సమానంగా రాళ్ళు పేర్చి నిలబెట్టినది. చూడబోతే అది సమాధిలా కనిపించినది. నాలుగు రోజులు ఓర్చుకొని, నీరంతా తోడి, వేరును ఎడమనుండి మూడోవంతు దూరంలో పెట్టాడు. అదీ నచ్చలేదు. కొమ్మలు పైకి చూచేటట్టు పెడితే నీటిలో మునిగిన చెట్టులా ఉన్నది. తలక్రిందులు చేసి, వేళ్ళు ముందుకూ క్రిందికీ పాకేటట్టు పెట్టినప్పుడు ఏటిగట్టు కోసుకుపోయి వేళ్ళు బయటపడిన చోటు కనిపించినది. కాంసావతి ఒడ్డున ఆయన చూచినది అదే. వెనుక ఇసుకను ఎత్తు చేసి ముందుకు ఏటవాలు ఇవ్వగానే పదిహేను అంగుళాల వెడల్పు రెట్టింపైనట్లు తోచినది.

రాళ్ళ విషయంలో జాగ్రత్త వేరు. రాయి అందమే చూచి తొట్టిలో వేయరాదు. ముందు దానిమీద నిమ్మరసం పిండి చూడాలి. నురుగు వస్తే అందులో సున్నం ఉన్నట్లు. అట్టి రాయి నీటిలో నెమ్మదిగా కరిగి నీటిని కటువు చేస్తుంది. బరువైన రాళ్ళను ఇసుకమీద కాక, గాజు అడుగున మెత్తని పరుపు వేసి దానిమీద నిలిపి, ఆ తరువాతనే చుట్టూ మట్టి పోయాలి. అట్లా చేయకపోతే నత్త త్రవ్వినా, నీరు తోడినా ఒరిగిపోయి గాజును పగులగొట్టవచ్చును. మరొకటి, ఒక తొట్టిలో పలుజాతుల రాళ్ళు పొసగవు. ఒక ఏటిలో ఒక రాయే దొరుకుతుంది కదా.

ఖరగ్‌పూర్‌లో దొరికే రాయి గుల్లగా, తుప్పురంగులో ఉండే లేటరైటు. దానిలో ఇనుము అధికం, సున్నం లేదు. మొక్కల వేళ్ళకు మేలని తొట్టి పెంపకందార్లు అడుగుమట్టిలో పొడిచేసి కలుపుతారు కూడాను. ఇక్కడొక చిత్రమైన విషయం చెప్పవలసియున్నది. ఈ రాయికి లేటరైటు అని నామకరణం చేసినవాడు ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండు వైద్యుడు. టిప్పు మరణానంతరం మైసూరు, మలబారు దేశాలు సంచరించి, అంగాడిపురం దగ్గర జనం ఈ నేలను ఇటుకలుగా కోసి ఇళ్ళు కట్టడం చూచి, ఇటుక అనే అర్థంగల లాటిన్ మాటనుండి ఆ పేరు కల్పించాడు. ఆ యాత్రాగ్రంథం 1807లో అచ్చయినది. తరువాత ఆయనే హామిల్టన్ అనే ఇంటిపేరు స్వీకరించి, గంగానదీ మత్స్యాలను గురించి 1822లో గ్రంథం వెలువరించాడు. ఖల్సే చేపలను శాస్త్రంలోకి ఎక్కించినది ఆ గ్రంథమే. జాలర్లు చెప్పిన దేశీయ నామాలనే ఆయన ఎన్నో చేపలకు స్థిరపరచాడు. తొట్టిలోని రాయికీ చేపకూ ఒకే మనిషి పేర్లు పెట్టాడన్న సంగతి వడ్రంగికి ఎవరో చెప్పినప్పుడు, “రెంటినీ నీటిలో కలిపి చూచాడా లేదా?” అని మాత్రం అడిగాడు.

సెలవులకు వచ్చిన మనుమడు దీఘా సముద్రతీరం నుండి గుప్పెడు గవ్వలు తెచ్చి తాతకు చెప్పకుండా తొట్టిలో జల్లాడు. గవ్వ అంటేనే సున్నం. వాటిని ఏరి తీస్తూంటే పిల్లవాడు బిక్కమొగం వేశాడు. నిమ్మచెక్క చేతికిచ్చి గవ్వమీద పిండించి నురుగు చూపిన తరువాత, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా నిమ్మరసం పోసి చూచాడు. గచ్చు కూడ నురుగు వేసినది.

ఆ వేటలోనే వంటింటి మూలనుండి పొత్రం బయటకు వచ్చినది. వంశధార ప్రాంతపు నల్లరాయి. మూరకు తక్కువ, ఇరుకొనలా అరిగి నునుపు తేరినది. వడ్రంగి తల్లి కాపురానికి వచ్చినప్పుడు సన్నికల్లుతోబాటు గోనెసంచిలో కట్టి పాసింజరు బండిలో తెచ్చినది. సన్నికల్లు ఒక ఇల్లు మారినప్పుడు రెండు వ్రక్కలైనది. మిక్సీ వచ్చిన తరువాత పొత్రాన్ని తాకినవారు లేరు. పిల్లవాడు నిమ్మరసం పోశాడు. నురుగు రాలేదు. తాత దాన్ని చేతిలో త్రిప్పి త్రిప్పి చూచాడు.

జపానులో తకాషి అమానో అనే ఛాయాగ్రాహకుడు గాజుతొట్టిలో ప్రకృతిని అమర్చడాన్ని ఒక కళగా నిలబెట్టాడు, 2015లో మరణించాడు. రాతి అమరికలో ఆ దేశంవారు అన్నింటికంటె పెద్దరాయిని మొదట నిలిపి, తక్కినవి దానికి ఒదిగేటట్లు పెడతారు. ఆ పెద్దరాయిని వారి భాషలో తల్లిదండ్రుల రాయి అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. వడ్రంగి ఈ మాట విన్నవాడు కాడు. చేతితో చేసిన నున్నని రాయి ఏటిగట్టుకు నప్పదనీ, లేటరైటు నడుమ నల్లరాయి పరాయిదిగా ఉంటుందనీ ఆయనకు తెలుసును. తెలిసీ, వేరు క్రింద సగం ఇసుకలో పాతి, ఒక కొనను పైకి వదిలాడు.

సాయంకాలం దీపం పెట్టవచ్చిన ఇంటామె అది చూచి నిలబడిపోయినది. “ఏటండీ ఇది? అత్తమ్మ పొత్రాన్ని చేపలపాలు చేసీసినారా?” అన్నది. ఆయన సమాధానం చెప్పలేదు. ఆ పొత్రంతోనే ఆమె పెళ్ళినాటి పసుపు నూరారు. ఆ సన్నికల్లు మీదనే కాలు పెట్టినది. మూల పడివున్నదంటే మరచిపోయారని అర్థం కాదు. రెండురోజులు ఆమె ముందుగదిలోకి రాలేదు. మూడవనాడు వచ్చి, చీపురు ప్రక్కనబెట్టి, గాజుకు దగ్గరగా కూర్చొని చూచినది. ఒక ఖల్సే పొత్రం నీడలో నిలిచి ఉన్నది.

అరవైయేళ్ళు నిండి ఉద్యోగం విరమించినప్పుడు క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినది. కొడుకు బెంగుళూరు రమ్మన్నాడు. ఆమె దేశం పోదామన్నది. దేశంలో ఇంటివాటా తండ్రి తరంలోనే చేతులు మారినది. అక్కడివారు వీరిని ‘కరకప్పూరోళ్ళు’ అంటారు. ఇక్కడివారు రెండు తరాల తరువాత కూడ ‘తెలుగువాళ్ళు’ అంటారు. చివరకు తాల్‌బగీచాలో రెండుగదుల అద్దెయిల్లు కుదిరినది. సామాను అంతా ఒక లారీలో సర్దారు. తొట్టి మాత్రం రిక్షాబండి మీద, జానెడు నీటితో, ఇద్దరు మనుషులు పట్టుకొనగా వెళ్ళినది. వేరును లేపబోతే ఫెర్ను వేళ్ళు లేటరైటును విడువలేదు. రెంటినీ కలిపే ఎత్తారు.

క్రొత్తయింట వారంలోగా క్రిప్టోకోరిన్ ఆకులన్నీ గాజువలె పలుచబడి కరిగిపోయాయి. చోటు మారితే ఆ మొక్క అంతే చేస్తుంది; ఇసుకలో వేరు బ్రతికే ఉంటుంది, పీకి పారవేయకుండా ఓపిక పట్టాలి. ఆమెకు ఈ మాట చెప్పి, కుళ్ళిన ఆకులు ఏరివేసి, తొట్టి తిరిగి అమర్చడానికి ఆయన సగం నీరు తోడాడు. పొత్రం కనిపించలేదు. ఆమె దానిని నూతిదగ్గర కొబ్బరిపీచుతో తోముతున్నది. పసుపు రాయబోయి, చేపలున్నవని జ్ఞాపకం వచ్చి మానుకొన్నది. తడిరాయి పైటచెంగులో పట్టుకొని వచ్చి, వేరుకు ఎడమప్రక్క, ఆయన ఎన్నడూ పెట్టనిచోట, పూర్తిగా ఇసుక మీదనే పడుకోబెట్టినది. ఆయన ఒక్కక్షణం చేయి చాచి, వెనుకకు తీసుకొని, బిందె ఎత్తి నెమ్మదిగా నీరు పోయసాగాడు.